హైదరాబాద్‌లో ఉంటూనే దూరవిద్యలో ట్రాపికల్ ఆగ్రోఎకాలజీ మాస్టర్స్ చదవడం ఎలా?

ట్రాపికల్ ఆగ్రోఎకాలజీ అంటే ఉష్ణమండలంలోని పొలాన్ని నేల, నీళ్లు, పంటలు, పశువులు, మనుషులు కలిసిన ఒక జీవావరణంగా చూసే చదువు. కోర్సు వెతకడం కన్నా ముందు ఒక చేను చూసుకోండి. అది మీదే కానక్కర్లేదు. మేనమామదైనా, ఫ్రెండు వాళ్ల నాన్నదైనా, మీరు పనిచేసే సంస్థ తిరిగే ఊళ్లో ఒక రైతుదైనా సరే. నెలకోసారి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగే దూరంలో ఉండాలి. వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడే మనిషి అక్కడ ఉండాలి. దూరవిద్యలో యూనివర్సిటీ మీకు పాఠాలిస్తుంది, చదవాల్సిన పేపర్లిస్తుంది, రాసింది దిద్దే టీచర్‌నిస్తుంది. చేను మాత్రం ఇవ్వదు. ఆ సంగతి చాలామందికి రెండో ఏడాది ప్రాజెక్ట్ మొదలుపెట్టే నాటికి గానీ తెలియదు, అప్పటికి వాన వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

ఈ విషయంలో హైదరాబాద్‌వాళ్లు అదృష్టవంతులు. కర్కాటక రేఖ ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటే మన ఊరు పదిహేడున్నర డిగ్రీల లోపే ఉంది. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసే 'పాక్షిక శుష్క ఉష్ణమండలం', అంటే వాన తక్కువ పడే వేడి ప్రాంతం, అవుటర్ రింగ్ రోడ్డు దాటగానే మొదలవుతుంది. ఎర్ర చెల్క, నల్లరేగడి రెండూ దగ్గర్లోనే దొరుకుతాయి. 1972లో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను పటాన్‌చెరు దగ్గర పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎక్కడో చలిదేశంలో కూర్చుని ఈ సబ్జెక్టు చదివే విద్యార్థి వీడియోలో చూసేదాన్ని మీరు చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఆ అవకాశాన్ని మొదటి వారం నుంచే వాడుకోండి.

డిగ్రీ దేనికోసమో తేల్చుకోండి

ఇది కాస్త కటువుగానే చెప్పాలి. మన దేశంలో వ్యవసాయం, ఉద్యాన విభాగాల్లో డిగ్రీలను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, లా ఉన్న నిషేధిత జాబితాలోనే వ్యవసాయమూ ఉంది. కాబట్టి 'ఇంట్లో కూర్చుని ఎమ్మెస్సీ అగ్రికల్చర్' అని ఎవరైనా ఫోన్ చేసి చెబితే, ఫీజులో ఎంత తగ్గించినా సరే, అక్కడితో ఆపేయండి.

మిగిలేవి రెండు దారులు. విదేశీ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చే ఆగ్రోఎకాలజీ, ఆర్గానిక్ ఫార్మింగ్, ఆహార భద్రత లాంటి మాస్టర్స్ ఒకటి. ఇక్కడి సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ శాస్త్రం లాంటి దగ్గరి సబ్జెక్టు తీసుకుని, ప్రాజెక్టును వ్యవసాయం వైపు తిప్పుకోవడం రెండోది. ఇగ్నోలో పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది, వాళ్ల ప్రాంతీయ కేంద్రం కొత్తగూడలోనే ఉంది. రెండో దారిలో వెళ్తే, ఆ యూనివర్సిటీకి ఆ ఏడాది ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో చూసుకోండి. అనుమతి యూనివర్సిటీకి ఉంటే చాలదు, కోర్సుకు కూడా ఉండాలి. చేరే ముందు ఆ బ్యూరో ఇచ్చే డెబ్ (DEB) ఐడీ తీసుకోవాలి, దానికి విద్యార్థుల క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి. ఈ రెండూ ఉచితమే.

విదేశీ డిగ్రీ అయితే దానికి ఇక్కడి డిగ్రీతో సమానమన్న గుర్తింపు దొరుకుతుందా అని చేరకముందే రాతపూర్వకంగా అడగండి. ఏజెంట్ మాట నమ్మి ఊరుకోవద్దు. వ్యవసాయ అధికారి ఉద్యోగమో, వ్యవసాయ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టో మీ లక్ష్యమైతే, పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హత పేరా చదవండి, ఇది మీ దారి కాదని అర్థమవుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘంలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పనిచేసేవాళ్లకు, వాటర్‌షెడ్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకు, సైన్స్ టీచర్లకు, సొంత పొలం పెట్టుకుని లోతుగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఈ చదువు బాగా పనికొస్తుందని నా గట్టి నమ్మకం. పొలంలో ఏదో జరుగుతోందని తెలిసి, ఎందుకు జరుగుతోందో చెప్పలేక ఇబ్బంది పడేవాళ్లకే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది.

గంటల లెక్క

బ్రిటన్ మాస్టర్స్ డిగ్రీ అంటే 180 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు, అంటే మొత్తం 1800 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లలో పూర్తి చేయాలంటే ఏడాదికి 600 గంటలు, వారానికి దాదాపు 12. రెండేళ్లలోనే పూర్తి చేస్తానంటే వారానికి 18 పడతాయి. మాదాపూర్‌లో డ్యూటీ, ఇల్లు ఎల్బీ నగర్‌లో, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు 18 గంటలు కుదరవు, మూడేళ్లే తీసుకోండి. మెట్రోలో కూర్చునే సమయాన్ని చదువు కింద లెక్కేయకండి. అక్కడ పాఠం వినొచ్చు గానీ, నోట్స్ రాస్తూ చదవాల్సిన పేపర్ అక్కడ సాగదు. ఆ పనికి పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా ఉన్న సమయం మంచిది. ఇల్లు ఇరుకైతే ఆదివారాలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, గ్రూప్స్‌కు చదివే పిల్లల మధ్య కూర్చుంటే మనకూ చదవబుద్ధేస్తుంది.

లైవ్ క్లాసుల టైమ్ కూడా ముందే కనుక్కోండి. లండన్‌లో సాయంత్రం ఆరంటే మనకు ఎండాకాలంలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. వారానికి ఒక్కటైతే తట్టుకోవచ్చు. మూడు ఉంటే రికార్డింగ్ ఇస్తారా, హాజరుకు మార్కులున్నాయా అని చేరకముందే మెయిల్ పెట్టండి.

అప్లికేషన్ పనులు పెద్ద విషయమేం కాదు. డిగ్రీ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌కు, ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు సర్టిఫికెట్‌కు ముందే దరఖాస్తు పెట్టుకోండి, అవి చేతికి రావడానికే టైమ్ పడుతుంది.

మొదటి సెమిస్టర్‌లో చదవాల్సిన తీరు

మొదట్లో సిద్ధాంతం మీద పడుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆమోదించిన పది మూలాంశాలు, 2019లో ప్రపంచ ఆహార భద్రతా కమిటీ నిపుణుల బృందం చెప్పిన పదమూడు సూత్రాలు, ఆగ్రోఎకాలజీ శాస్త్రవేత్త స్టీఫెన్ గ్లీస్‌మన్ చెప్పిన అయిదు మెట్లు, ఇవి ప్రతి కోర్సులోనూ వస్తాయి. బట్టీ పట్టొద్దు. గ్లీస్‌మన్ మెట్లనే తీసుకోండి. మొదటి మెట్టు ఎరువులు, మందుల వాడకం తగ్గించడం. రెండోది వాటి బదులు వేరేవి వాడటం. మూడోది పొలం రూపాన్నే మార్చడం. నాలుగోది తినేవాళ్లకూ పండించేవాళ్లకూ మళ్లీ సంబంధం కలపడం. అయిదోది మొత్తం ఆహార వ్యవస్థ మార్పు. ఇప్పుడు మీరు చూసిపెట్టుకున్న చేను దగ్గరికి ఈ మెట్లను పట్టుకెళ్లండి. ఆ రైతు పత్తికి యూరియా తగ్గించి జీవామృతం పోస్తున్నాడనుకుందాం. అది రెండో మెట్టు. చేనంతా పత్తి ఒక్కటే ఉంటే ఆయన ఇంకా అక్కడే ఉన్నట్టు. పత్తి సాళ్ల మధ్య కంది, గట్ల మీద పచ్చిరొట్టకు గ్లైరిసీడియా చెట్లు, వెనక యాసంగిలో ఇంకో పంట, పశువుల కొట్టం నుంచి పేడ మళ్లీ చేలోకి, ఇలా మారితే మూడో మెట్టుకు వచ్చినట్టు. ఇలా ఒక్క చేను మీద పెట్టి చూసుకుంటే సిద్ధాంతం ఇక మరిచిపోరు. అసైన్‌మెంట్‌లో రాయడానికి ఉదాహరణా దొరుకుతుంది.

ఉష్ణమండలం అనే మాటను మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి. యూరప్ పేపర్లలో ఉన్నది ఇక్కడికి నేరుగా అతకదు. మన వేడికి సేంద్రియ పదార్థం తొందరగా కుళ్లిపోతుంది, అందుకే ఒకసారి పశువుల ఎరువు తోలితే ఏళ్లపాటు సరిపోదు. ఎర్ర చెల్క వాన పడి ఆరగానే పైన పెచ్చు కడుతుంది, మొలక పైకి రాలేదు. నల్లరేగడి తడిస్తే జిగురుగా మారి అడుగు వేయనివ్వదు, ఎండితే నెర్రెలు బారుతుంది. ఒకే మండలంలో రెండు నేలలుంటే ఒకే సలహా రెండిటికీ పనికిరాదు. 'ఈ పేపర్‌లోని నేల ఏది, వాన ఎంత, ఏ నెలల్లో?' అనే ప్రశ్న చదివే ప్రతి పేపర్ మార్జిన్‌లో రాసుకోండి.

చేలో పట్టే నోట్‌బుక్

ఈ చదువులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. నెలకోసారి వెళ్లినప్పుడు ఏం చేయాలో వివరంగా చెబుతాను.

మొదటిసారి వెళ్లినప్పుడు మట్టి చూడండి. మూతున్న సన్నటి గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీళ్లు నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగున దిగుతుంది. ఒండ్రు దిగడానికి ఒకటి రెండు గంటలు పడుతుంది. బంకమట్టి దిగడానికి రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మూడు పొరల మందం స్కేలుతో కొలిచి శాతాలు వేసుకోండి. చెల్క మట్టి సీసా, రేగడి సీసా పక్కపక్కన పెట్టి చూస్తే, టెక్స్‌చర్ (మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకల పాళ్లు) మీద ఉన్న పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

ల్యాబ్ పరీక్షకు మట్టి తీయాలంటే చేలో ఎనిమిది, పది చోట్ల పైన ఉన్న చెత్త తీసేసి, ఇంగ్లిష్ వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, గుంట గోడ పొడవునా పైనుంచి కిందిదాకా మట్టి చెక్కి తీయాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప ఉన్న చోట తీయొద్దు. రైతు దగ్గర సాయిల్ హెల్త్ కార్డ్ ఉంటే దాన్నీ ఫొటో తీసుకోండి. ఏ ఏడాదిదో చూసుకోండి.

తర్వాత నీళ్లు. అడుగు తీసేసిన డబ్బానో, ప్లంబింగ్ పైపు ముక్కనో నేలలోకి కాస్త దించి, అరలీటరు నీళ్లు పోసి ఇంకడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమ్ పెట్టి చూడండి. దున్నిన సాలులో ఒకసారి, గట్టు మీద గడ్డి ఉన్నచోట ఒకసారి, ట్రాక్టర్ తిరిగిన బాటలో ఒకసారి. ఈ మూడు అంకెలూ మీకు ఒక వ్యాసమంత సరుకునిస్తాయి.

రైతుతో మాట్లాడేటప్పుడు తారీఖులు అడగొద్దు, కార్తెలు అడగండి. "జూన్ ఎన్నో తేదీన విత్తారు?" అంటే ఆలోచనలో పడతారు. "మిరుగులో పెట్టినవా, ఆరుద్రలోనా పెద్దనాయనా?" అంటే వెంటనే చెబుతారు. కార్తె దాదాపు రెండు వారాలు ఉంటుంది కాబట్టి తర్వాత క్యాలెండర్‌తో సరిచూసుకోవచ్చు. విస్తీర్ణం ఎకరాల్లో, గుంటల్లో చెబుతారు. 40 గుంటలు ఒక ఎకరం, 2.47 ఎకరాలు ఒక హెక్టారు. దిగుబడి బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో తప్పకుండా అడగండి, ఊరికీ ఊరికీ, పంటకూ పంటకూ అది మారుతుంది. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే మీ లెక్కలన్నీ తప్పుతాయి.

ఇంట్లో ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. విత్తనం దాచేది, కలుపు తీసేది, ఏ ఆకుకూర ఏ పంట మధ్య మొలుస్తుందో తెలిసింది వాళ్లకే. మగవాళ్ల ముందు అడిగితే "ఆయననే అడుగు" అని ఊరుకుంటారు. నాట్లప్పుడు, పత్తి తీతలప్పుడు ఇంటర్వ్యూలు పెట్టుకోకండి, కూలి పోగొట్టుకుని మీతో కూర్చోమనడం న్యాయం కాదు.

అంతర పంటల లెక్క ఒకటి తప్పక నేర్చుకోవాలి. దాన్ని ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో అంటారు. ఉదాహరణకు ఒక ఎకరంలో జొన్న ఒక్కటే వేస్తే 10 క్వింటాళ్లు, కంది ఒక్కటే వేస్తే 5 క్వింటాళ్లు వస్తాయనుకోండి. రెండూ కలిపి వేసిన ఎకరంలో జొన్న 8, కంది 3 వచ్చాయి. 8ని 10తో, 3ని 5తో భాగిస్తే 0.8, 0.6. కలిపితే 1.4. అంటే ఈ ఒక్క ఎకరంలో వచ్చింది విడివిడిగా పండించాలంటే 1.4 ఎకరాలు కావాలి. జొన్న తొందరగా కోతకొస్తుంది, నిదానంగా పెరిగే కంది ఆ తర్వాత లోతు వేళ్లతో కింది తేమ తీసుకుంటుంది, ఆ రెండిటి టైమ్ వేరు కాబట్టే ఈ లాభం. ఈ లెక్క వేయాలంటే విడిగా వేసిన చేలు కూడా పక్కనే ఉండాలి. అందుకే ముందు ఏడాదే రైతుతో మాట్లాడి నాలుగు గుంటలు అలా వేయించుకోవాలి. దిగుబడి తగ్గితే నష్టం మీరు భరిస్తానని ముందే చెప్పండి.

నగరంలో చూడాల్సిన చోట్లు

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి సాగుతున్న నల్లరేగడి ప్రయోగం ఒకటుంది. ఒకపక్క పాతకాలపు పద్ధతి, వానాకాలం బీడు ఉంచి యాసంగిలో పంట వేయడం. ఇంకోపక్క వెడల్పు మడులు, మధ్యలో కాలువలు, మంచి విత్తనం, ఎరువు, కందితో కలిపి పంటలు. పాత పద్ధతిలో సగటున ఏడాదికి హెక్టారుకు 1.1 టన్నులు, కొత్తదాంట్లో 5.1 టన్నుల చొప్పున గింజ వచ్చిందని వాళ్లు ప్రచురించారు. ఇది చదివి ఆశ్చర్యపోయి వదిలేయకండి. ఇందులో మడుల వాటా ఎంత, ఎరువు వాటా ఎంత, పంట కలయిక వాటా ఎంత అని విడదీసి అడగడమే మాస్టర్స్ స్థాయి చదువు. ఇక్రిశాట్‌కు నేరుగా వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు, యూనివర్సిటీ లెటర్‌తో ముందే మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి.

సంతోష్‌నగర్‌లోని 'క్రీడా' (CRIDA) మెట్ట వ్యవసాయ పరిశోధనకు జాతీయ స్థాయి సంస్థ. రాజేంద్రనగర్‌లో అయితే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్, వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్ అన్నీ దగ్గరదగ్గరే. ఒక్కో పనిదినం ఒక్కో చోటికి పెట్టుకోండి. బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో మీ ఊరి భూవినియోగ మ్యాపులు ఇంట్లోంచే చూడొచ్చు. కృషికోశ్ వెబ్‌సైట్‌లో వ్యవసాయ యూనివర్సిటీల పాత థీసిస్‌లు ఉంటాయి. మీ జిల్లా నేలల మీద ముప్ఫై ఏళ్ల కిందట ఎవరో చేసిన పని అక్కడ దొరికితే, విదేశీ జర్నల్ పేపర్లు పది చదివినా రాని సమాచారం దాంట్లో ఉంటుంది.

ఒక్కసారైనా జహీరాబాద్ పక్కన పస్తాపూర్ వెళ్లండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు అక్కడ దశాబ్దాలుగా చిరుధాన్యాలు, పాత విత్తనాలు కాపాడుతున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లకు వచ్చింది. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరకు వెళ్తే ఒక్క చేలో ఎన్ని రకాలు కలిపి వేస్తారో, ఎందుకు వేస్తారో వాళ్ల నోటే వినొచ్చు. జనగామ జిల్లా ఏనెబావి 2006లోనే రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది, అదీ చూడదగ్గదే.

అసైన్‌మెంట్లలో వాదన

మనలో చాలామంది ఈ సబ్జెక్టుకు ప్రేమతో వస్తాం. ప్రకృతి వ్యవసాయం మంచిదని ముందే నమ్మి వస్తాం. అది తప్పు కాదు గానీ, వ్యాసంలో ఎదుటివాళ్ల బలమైన వాదన కూడా రాయకపోతే మార్కులు పడవు, పడకూడదు కూడా. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, అదే ఏడాది నవంబర్‌లో వెనక్కి తగ్గింది. ఆ సంగతిని దాటవేయకండి. నేలలో సేంద్రియ పదార్థం పెంచకుండా, రైతులకు నేర్చుకునే సమయం ఇవ్వకుండా, పైనుంచి ఒక్క ఉత్తర్వుతో మార్చాలనుకుంటే ఏమవుతుందో అది చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్క రైతుల ద్వారా, మహిళా సంఘాల ద్వారా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని దీంతో పోల్చి రాయండి. దానికి 2024లో పోర్చుగల్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, దిగుబడుల మీద మాత్రం శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది. రెండూ రాయాలి.

చదివిన ప్రతి పేపర్‌నూ జొటేరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, ఉచితం. లెక్కలకు ఆర్ (R), మ్యాపులకు క్యూజిస్ (QGIS) సాఫ్ట్‌వేర్లు నేర్చుకోండి, అవీ ఉచితమే. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడేవాళ్లు మేడ మీద పదహారు గ్రో బ్యాగుల్లో మెంతికూర వేసి, నాలుగు రకాల ఎరువు, ఒక్కోటి నాలుగేసి బ్యాగుల్లో వాడి తూకం వేసి చూడండి. ఏ బ్యాగు ఎక్కడ పెట్టాలో చీటీలు తీసి నిర్ణయించండి. సొంతంగా తూచిన మెంతికూర అంకెలతో చేస్తే, రకాల సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చే అనోవా లెక్క భయం పోతుంది.

ప్రాజెక్ట్ వానాకాలానికి ముడిపడి ఉంటుంది

విదేశీ యూనివర్సిటీ ఏడాది సాధారణంగా సెప్టెంబర్‌లో మొదలై, ప్రాజెక్ట్ రిపోర్టు ఆగస్టు, సెప్టెంబర్‌లలో అడుగుతుంది. మన కంది జూన్, జూలైలో విత్తితే డిసెంబర్, జనవరికి గానీ కోతకు రాదు. అంటే రిపోర్టు ఇవ్వాల్సిన ఏడాది కన్నా ముందు ఏడాది వానాకాలంలోనే కొలతలు మొదలుపెట్టాలి. ఆ లెక్కన ఫిబ్రవరికల్లా అంశం, మేలోపు మనుషుల్ని ఇంటర్వ్యూ చేయడానికి యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి, రోహిణి కార్తెలోపు మట్టి నమూనాలు, మృగశిర నుంచి చేలో పని. అక్కడి గైడ్‌కు ఈ క్యాలెండర్ తెలియకపోవచ్చు, మీరే గీసి పంపండి. 'డేటా తర్వాత తీసుకోవచ్చు' అంటే ఒప్పుకోవద్దు, వాన మీకోసం ఆగదు. మట్టిని పార్శిల్‌లో విదేశానికి పంపాలనీ అనుకోకండి, ప్రత్యేక అనుమతి లేకుండా క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. పరీక్షలన్నీ ఇక్కడే చేయించి, ల్యాబ్ పద్ధతి పేరు రిపోర్టులో రాయండి.

సమ్మతి పత్రం తెలుగులో రాయండి, అదీ మీ రైతు మాట్లాడే తెలుగులో. చదివి వినిపించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని, పేరు ఎక్కడా రాయనని, దీనివల్ల సర్కారు నుంచి లోనో, సబ్సిడీనో ఏదీ రాదని స్పష్టంగా చెప్పండి. ఆ చివరి ముక్క చెప్పకపోతే ఆశ పెట్టుకుంటారు.

రిపోర్టు పంపేముందు, తేలిన విషయాలు రెండు పేజీల్లో తెలుగులో రాసి చేను దగ్గరికి తీసుకెళ్లండి. దిగుబడి, ఖర్చు, నేల పరీక్ష అంకెలు ఒక్కొక్కటే చదవండి. "గా యేడు వాన రెండుసార్లు తప్పింది కదా, అది రాసినవా?" లాంటి ప్రశ్న వస్తుంది. అలా వచ్చినవన్నీ అక్కడే నోట్‌బుక్‌లో రాసుకుని, ఆయన చెప్పిన తేదీలను తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వెదర్ స్టేషన్ వర్షపాతంతో సరిచూసి, రిపోర్టులో మార్చాల్సినవి మార్చాకే అప్‌లోడ్ చేయండి.